చుక్కల చుట్టానికి కొత్త గొంతు

పగిడయ్య నన్ను పదిహేనేళ్ళ పాటు స్టేజీ మీద నిలబెట్టి ఆటపట్టించాడు. మొదటి రెండేళ్ళు ఆ సంగతి నాకు తెలియనే తెలియదు. తెలిశాక మానిపించానా అంటే, అదీ లేదు. జనం దానికోసమే వచ్చేవారు మరి, నా నటన చూడ్డానికి కాదు.

మా ఆయన సారపాక కాగితం మిల్లులో ఫిట్టరు. నేను మిల్లు కాలనీ పక్కన ఓ ప్రైవేటు బళ్ళో టీచరును, పేరు రాజ్యశ్రీ. మా బళ్ళోనే లెక్కలు చెప్పే గోపాలు మాస్టారికి నాటకాల పిచ్చి. తాగుబోతు మొగుళ్ళ నాటకాలు రాసీ రాసీ విసుగెత్తి, ఒక ఏడు ఏకంగా ఆకాశం మీద పడ్డారు. దూరపు నక్షత్రం నుంచి ఒకడు మన అడవిలో దిగుతాడు. అతని భాష ఒక ఆడ శాస్త్రవేత్తకు మాత్రమే అర్థమవుతుంది. ఆమె అతని మాటల్ని జనానికి తెలుగులో చెబుతుంది. నాటకం పేరు ‘చుక్కల చుట్టం’. తెల్లకోటు తొడుక్కుని ఆ శాస్త్రవేత్త వేషం నేను వేశాను.

చుట్టం వేషం వేయాల్సిన గుమస్తా సరిగ్గా నాటకం రోజున జ్వరమని ముసుగుతన్నాడు. నిజం జ్వరమో, పిరికి జ్వరమో ఆ దేవుడికే తెలియాలి. స్టేజీకి వెదుళ్ళు కట్టడానికి వచ్చిన పగిడయ్య మాస్టారి కంటపడ్డాడు. మిల్లు యార్డులో లారీల నుంచి వెదురు దించే కాంట్రాక్టు కూలీ. తాటిచెట్టంత మనిషి, గంభీరమైన గొంతు. మాస్టారు అతనికి వెండికాగితం అంటించిన చొక్కా తొడిగి, రంగేసిన మోటారు సైకిల్ హెల్మెట్ నెత్తిన పెట్టారు.

“ఏం మాట్లాడాలె సారూ?”

“మీ ఇంట్లో మాట్లాడుకుంటారే, ఆ మాటే మాట్లాడు. కాలనీలో ఎవరికీ రాదు.”

పగిడయ్య కోయవాడు. ఆ సాయంత్రం స్టేజీ మీద కోయలోనే మాట్లాడాడు. మాస్టారు చెప్పిన డైలాగే తన భాషలో చెబుతున్నాడని నేను నమ్మాను. రాసిపెట్టిన ప్రకారం “ఇతడు శాంతిని కోరుతున్నాడు!” అని చెయ్యెత్తి అరిచాను. కాలనీ అంతా చప్పట్లు కొట్టింది. నేను గాల్లో తేలిపోయాను.

ఆ ఊపులో చర్ల వైపూ దుమ్ముగూడెం వైపూ సంతలు జరిగే కోయ గూడేలకు నాటకం పట్టుకెళ్ళాం. అక్కడ వచ్చింది చిక్కు. పగిడయ్య నోరు తెరవగానే జనం విరగబడి నవ్వారు. నేను శాంతి అనగానే కిందపడి దొర్లారు. చీర జారిందేమోనని నేను కోటులోపల తడుముకున్నాను. తర్వాత్తర్వాత సీక్వెళ్ళు కూడా వేశాం, ‘మళ్ళీ వచ్చిన చుట్టం’, ‘చుట్టం పెళ్ళి’, ఇంకా ఏవో. ప్రతి ఊళ్ళోనూ ఇదే తంతు. చివరికి ఒక గూడెంలో నాకు మంచినీళ్ళిచ్చిన ఆడమనిషి పొట్ట పట్టుకుని చెప్పింది.

“అమ్మా, ఆయన మా బోరింగు పాడైపోయి ఎండకాలమంత నీళ్ళు లేవన్నడు. నువ్వేమో మా గ్రహం శానా అందంగ ఉన్నదంటున్నడన్నవ్! ఈ తెల్లకోటామె బస్సుల కూసొని వచ్చింది, నడుము ఇరిగింది, ఇంత జావ పొయ్యుండ్రని గూడ అన్నడు.”

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కోటుతోనే పగిడయ్య మీదికి వెళ్ళాను. “నన్ను పిచ్చిదాన్ని చేసి ఆడిస్తావా? నీకు సిగ్గుందా?” అన్నాను. అతను బీడీ ఆర్పి లేచి నిలబడ్డాడు. ఆ ప్రాంతమంతా నన్ను సైన్సమ్మ అనేవాళ్ళు, అతనిదీ అదే పిలుపు.

“కోపం చెయ్యకు సైన్సమ్మా. మా గూడేలకు బ్యాంకాయన వస్తడు, ఫారెస్టాయన వస్తడు, డాక్టరు వస్తడు. అందరిది తెలుగే. మా మాట మాట్లాడుకుంట బయటినుంచి వచ్చినోడు గీ చుట్టం ఒక్కడే. నన్ను ఎన్నన్నా అను, గాన్ని మాత్రం మాన్పియ్యకు.”

ఆ తర్వాత మరింత గట్టిగా, మరింత గంభీరంగా శాంతి, స్నేహం అని అరిచేదాన్ని. ఏ ఊరికి వెళితే ఆ ఊరి గోడు అతను చెప్పేవాడు. పగలంతా వెదురు మోసి, సాయంత్రం ఆకాశం నుంచి దిగేవాడు. ఆ వేషానికి దొరికింది ఓ శాలువా, కాస్త కోడికూర. అయినా అతను సంతలో కనబడితే చాలు, పిల్లలు “చుట్టం వచ్చిండు” అంటూ వెంటపడేవారు. అతని ముఖం అప్పుడు చూడాలి!

మాస్టారు పోయారు. కరోనా వచ్చింది. లారీ మీది నుంచి జారిపడి పగిడయ్య తుంటి విరిగింది, చేతికి కర్ర వచ్చింది. చుట్టం కథ కంచికి చేరిందనే అనుకున్నాం.

నిరుడు సంతోష్ దిగాడు. మా కాలనీ పిల్లాడే, నా దగ్గర నాలుగో తరగతి చదివాడు. హైదరాబాదులో వీడియో ఎడిటింగ్ పని. చిన్నప్పుడు ముందు వరసలో కూర్చుని మా నాటకాలన్నీ నమిలి మింగినవాడు. ‘చుక్కల చుట్టం’ మొదటినుంచీ మళ్ళీ మొదలుపెడతానన్నాడు. కొత్త లైట్లు, కొత్త కథ, కొత్త నటులు.

“మరి నేనూ?” అన్నాను.

“మీరు పెద్దమనిషిగా ముందు కూర్చోవాలె టీచర్,” అన్నాడు తల గోక్కుంటూ. అంటే అక్కర్లేదని! శాస్త్రవేత్త వేషం ఎవరో డిగ్రీ అమ్మాయికిచ్చాడు. మూడు రోజులు వాడి మీద పళ్ళు నూరాను.

చుట్టం వేషానికి మాత్రం పగిడయ్య మనవరాలు కళ్యాణిని ఎంచుకున్నాడు. ఖమ్మంలో నర్సింగ్ చదువుతున్న పిల్ల. అదే ఎత్తు, అదే గొంతు. పగిడయ్య కర్ర పక్కన పడేసి గెంతినంత పని చేశాడు. ఆ సంబరం రిహార్సల్ దాకానే నిలిచింది. సంతోష్ చుట్టం భాషను కంప్యూటర్లో తయారుచేసి తెచ్చాడు. స్పీకర్లోంచి గుర్రు గుర్రుమని శబ్దం వస్తే కళ్యాణి పెదాలు కదపాలి, అంతే. పగిడయ్య కర్ర అందుకుని బయటికి వెళ్ళిపోయాడు.

నేను ఊరుకోలేకపోయాను. “ఒరే, ఆయన మాట్లాడింది కోయరా! చుక్కల భాషా లేదు, నీ మొహమూ లేదు,” అన్నాను.

వాడు నోరు వెళ్ళబెట్టాడు. “కోయనా? అయ్యో టీచర్, ఇన్నేండ్లు నేను మాస్టారు కనిపెట్టిన భాష అనుకున్న!” అని లాప్‌టాప్ టప్పున మూశాడు. “అయితే అదే ఉంటది. ఇది తీసి పారేస్త.”

గండం గట్టెక్కిందనుకున్నాను. అప్పుడు కళ్యాణి మెల్లగా అంది, “సార్, నాకు కోయ రాదు. వింటే సమజైతది గానీ, నోరు తిరగదు.”

కళ్యాణిని ఆరేళ్ళప్పుడు ఆశ్రమ పాఠశాల హాస్టల్లో వేశారు. సెలవులకు వచ్చినా ఇంట్లో వాళ్ళు కోయలో అడిగితే ఈ పిల్ల తెలుగులో చెప్పేది. చదువు దెబ్బతింటుందేమోనని వాళ్ళూ పట్టించుకోలేదు. ఆ సాయంత్రం పగిడయ్య నా ముందు కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. అంత మనిషి అలా ఏడవడం నేను ఎన్నడూ చూడలేదు.

“సైన్సమ్మా, మా ఇంట్ల ఆఖరు పిల్ల ఇది. దీని నోట మా మాట రాకుంటే ఒక్క నాటకం పోయినట్టు కాదు. నాతోనే అంతా పోయినట్టు.”

కళ్యాణి తాత చెప్పిన డైలాగులన్నీ ఫోన్‌లో రికార్డు చేసుకుని బస్సులో, హాస్టల్లో, వార్డులో పాఠంలా వల్లెవేసింది. మాట పలకడం వేరు, మాట్లాడటం వేరు. ఆ తేడా నాకూ పగిడయ్యకూ తెలుసు. గుండె చిక్కబట్టుకునే చర్ల దారిలోని గూడేనికి బయల్దేరాం. సంత ముగిసి జనం కూర్చున్నారు. ముందు వరసలో పగిడయ్య, పక్కన నేను.

నీలం లైటులోంచి కళ్యాణి దిగింది. వెండిరంగు బట్టలు, నెత్తిన హెల్మెట్. మొదటి మాట పలికింది. జనం ఈలలు వేశారు. రెండో మాట కూడా వచ్చింది. మూడోది రాలేదు.

ఆ పిల్ల అలాగే నిలబడిపోయింది. ఎవరో వెనకనుంచి “హాస్టలు పిల్లరా, తెలుగుల చెప్పనియ్యుండ్రి” అన్నారు. పకపకా నవ్వులు. పగిడయ్య కర్ర మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకున్నాడు. లేచి వెళ్ళి ఆ నవ్వినవాడి చెవి మెలిపెట్టాలనిపించింది.

కళ్యాణి హెల్మెట్ తీసి చంకన పెట్టుకుంది. స్టేజీ అంచుకు వచ్చి, జనాన్ని చూస్తూ, తడుముకుంటూ ఏదో కోయలో అంది. మధ్యలో ఆగింది. చేతులతో ఏదో చూపించింది. నవ్వులు ఆగిపోయాయి. ముందు కూర్చున్న ముసలామె ఒక మాట అందించింది. కళ్యాణి ఆ మాటను తిరిగి పలికి, ముందుకు సాగింది. మళ్ళీ ఆగింది. ఈసారి నలుగురు ఒక్కసారే అరిచారు. కాసేపటికి, ఆమె ఎక్కడ తడబడితే అక్కడ ఊరంతా మాట అందిస్తోంది. చంటిపిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్ళు లేచి నిలబడి మరీ అందిస్తున్నారు. ఇందాక వెక్కిరించినవాడి గొంతే అందరికంటే పెద్దగా వినబడుతోంది.

నేను పగిడయ్య భుజం కుదిపాను. “ఏమంటోంది? చెప్పవయ్యా బాబూ!”

అతను నా వైపు తిరగకుండానే చెప్పాడు. “నేను మీ పిల్లనే అంటున్నది. చిన్నప్పుడే దూరం పోయిన, సగం మాట తొవ్వల పడిపోయింది, మీ దగ్గర ఉన్నదేమో ఇయ్యుండ్రి అంటున్నది.”

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అప్పుడు గమనించాను, ఊరంతా గొంతు చించుకుంటోంది, పగిడయ్య మాత్రం ఒక్క మాటా అందించడం లేదు. అరచేత్తో నోరు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు.

“నీకు తెలియని మాటలా అవి? నువ్వు చెప్పవేం?” అన్నాను.

పగిడయ్య చెయ్యి తీశాడు. నోరంతా నవ్వే. “నేను చెప్తే ఎప్పటికీ నా మనుమరాలే అయితది సైన్సమ్మా. ఊరు చెప్పనియ్యి, ఊరి చుట్టమైతది. ఇగ నాకు రందీ లేదు, దిగులూ లేదు.”