మిస్సమ్మను తరిమేసిన మాట

ఇప్పుడు ఇంగ్లీషు మాటలు అడక్కుండానే ఇంట్లోకి వచ్చి కూర్చుంటున్నాయి గానీ, నేను మిషన్ బడిలో చదివే కాలంలో నారాయణఖేడ్‌లో ఒక్క మాట దొరకడం గగనంగా ఉండేది. కచేరీలో ఉర్దూ, అంగట్లో తెలుగు, కంగ్టి వైపు నుంచి వచ్చేవాళ్ళ నోట సగం కన్నడం. ఇంగ్లీషు కావాలంటే మా మిస్సమ్మే దిక్కు. ఆ తెల్లామె మా బడి పెద్ద. సిర్గాపూర్ దగ్గరి కూలివాళ్ళ పిల్లనైన నన్ను ఎందుకో ఇష్టపడి, రోజూ సాయంత్రం వరండాలో కూర్చోబెట్టుకుని ఒక మాటా, దాని అర్థమూ, అదే అర్థమిచ్చే ఇంకో మాటా, దానికి ఎదురు మాటా చెప్పేది. నేను రాసుకునేదాన్ని. తోటి పిల్లలు నాకు 'డిక్షనరి' అని పేరు పెట్టారు. (వెక్కిరింపని నాకు చాలా రోజులు తెలియలేదు, గర్వపడ్డాను.)

ఒక అర్థానికి రెండు మాటలుంటే ఏది వాడినా ఒకటేనని నా నమ్మకం. ఒకసారి మిస్సమ్మ మా అమ్మ ఎలా ఉందని అడిగింది. 'ఫైన్' అంటే సరిపోయేది. ఆ మాట అందరూ అనేదే కదా అని, నా పుస్తకంలో అదే అర్థమని దాని పక్కనే రాసుకున్న 'థిన్' అన్నాను. అమ్మ తిండిలేక బక్కచిక్కిందనుకుని మిస్సమ్మ ముఖం చిన్నబోయింది. మర్నాడే మా ఇంటికి బెల్లమూ గోధుమపిండీ మూటగట్టి పంపింది. మా అమ్మ మాత్రం మూట విప్పి, "గీ ఇంగ్లీషు మంచిగనే ఉన్నది బిడ్డా, ఇంకింత నేర్చుకో" అంది.

నాకు పదహారేళ్ళప్పుడు మిస్సమ్మ తన దేశానికి తిరిగి వెళ్ళిపోవలసి వచ్చింది. ఎడ్లబండిలో జహీరాబాద్ దాకా వెళ్ళి, మర్నాడు అక్కడ రైలెక్కాలి. ఆ ఉదయం బడి ముందు అందరం బంతిపూల దండలతో నిలబడ్డాం. పిల్లలు పాట పాడాలి, ఆ తర్వాత నేను ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పాలి. వారం రోజులు బావి గట్టున నిలబడి వల్లించాను. మిస్సమ్మ బండెక్కి, నన్ను దగ్గరికి పిలిచి, నా చెయ్యి పట్టుకుని మెల్లగా అంది: "ఐ విల్ మిస్ యూ."

'మిస్' నాకు తెలుసు. తప్పిపోవుట, అందకపోవుట అని నా పుస్తకంలో స్పష్టంగా ఉంది. మనిషి చేతిలోనే చెయ్యి పెట్టుకుని నిలబడితే అందకపోయేది ఇంకేముంటుంది, రైలే. ఆమె కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి.

"తాతా, జల్దీ తోలు. రైలు అందదంటున్నది మిస్సమ్మ" అన్నాను బండి తోలే తాతతో.

"రైలు రేపు గదా బిడ్డా."

"అయినా అందదంట. ఆమెనే చెప్పింది."

చదువుకున్న పిల్ల మాట కాదనలేక తాత ఎద్దుల తోకలు మెలిపెట్టాడు. బండి ఎగిరి ముందుకు దూకింది. దండలు పిల్లల చేతుల్లోనే ఉండిపోయాయి. పాట మొదటి చరణం దగ్గర తెగిపోయింది. నేను దుమ్ములో బండికి ముందు పరిగెత్తుతూ, దారికి అడ్డమొచ్చిన మేకలను అదిలిస్తూ ఊరు దాటించి వచ్చాను. నా నాలుగు ముక్కలు నా దగ్గరే ఉన్నాయని బడికి తిరిగొచ్చాకగానీ గుర్తు రాలేదు.

కొన్ని నెలలకు మిస్సమ్మ ఉత్తరం వచ్చింది, గుండ్రటి తెలుగు అక్షరాలతో. జహీరాబాద్ స్టేషన్‌లో పూటంతా ఒక్కతే రైలు కోసం కూర్చుందట. 'మీ పాట వినాలని చాలా ఆశపడ్డాను. నన్ను అంత తొందరగా ఎందుకు పంపేశారు?' అని రాసింది. ఉత్తరం పట్టుకుని కొత్త టీచరమ్మ దగ్గరికి పరిగెత్తి 'మిస్' అన్న మాటకు ఇంకేదైనా అర్థముందా అని అడిగాను. ఆమె చెప్పడానికి తంటాలు పడింది. మనిషి దూరమైతే మనసు కొట్టుకుంటుంది చూడు, అదన్నమాట అంది. పక్కనే జొన్నలు చెరుగుతున్న వంట పెద్దమ్మ తలెత్తకుండానే, "గంత కష్టమెందుకు, రంది అను" అంది.

ముందు పడీపడీ నవ్వాను. తర్వాత బావి దగ్గరికి వెళ్ళి చాలాసేపు ఏడ్చాను. ఆ రోజు చెప్పలేకపోయిన నాలుగు ముక్కలూ కాగితం మీద పెట్టి, కింద 'ఐ మిస్ యూ' అని రాసి పంపాను. అది సముద్రం దాటిందో లేదో, జవాబైతే రాలేదు.

తర్వాత నేనూ టీచరునై, ఎందరో పిల్లలకు ఇంగ్లీషు మాటలు చెప్పాను. ఆ ఉదయం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కొంగు నడుముకు చుట్టుకుని, మిస్సమ్మకు ఎంత మేలు చేస్తున్నానో అన్న ధీమాతో బండి ముందు పరిగెత్తుతున్న ఆ పిల్ల కళ్ళకు కడుతుంది. మేకల సంగతి తాత చూసుకుంటాడు గానీ, ఒక్కసారి వెనక్కి తిరిగి బండిలో ఉన్న మనిషిని చూసుకోవే పిచ్చిదానా, అనాలనిపిస్తుంది.