నీలం తిరిగిన పాలు

అగ్నిపర్వతం పేరెత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. నిజం అగ్నిపర్వతం కాదు, దాన్ని నేను ఎన్నడూ చూడలేదు. సైన్సు ఫెయిర్ వచ్చిందంటే చాలు, అట్టమీద బంకమట్టి మెత్తి, నడినెత్తిన ఒక బొక్క పెట్టి, అందులో వంటసోడా పోసి, ఎర్రరంగు కలిపిన నిమ్మరసం వంచితే బుసబుసమని పొంగుతుందే, ఆ అగ్నిపర్వతం. కర్నూలు స్టేషనరీ అంగళ్ళలో అది తయారుగా కూడా దొరుకుతుంది. నాయన కొంటాడు, అమ్మ రంగులు వేస్తుంది, పిల్లవాడు తెల్లకోటు తొడుక్కొని పక్కన నిలబడతాడు. "ఎందుకు పొంగింది నాయనా?" అని అడిగితే "లావా సార్" అంటాడు. వాడికి ప్రథమ బహుమతి ఇస్తారు.

నేను ఓర్వకల్లు దగ్గర ఒక పల్లెలో హైస్కూలు సైన్సు టీచరును. కాపురం కర్నూల్లో, రాకపోకలు మోటారు సైకిలు మీద. జీతం ప్రభుత్వమే ఇస్తున్నా నన్ను ఇన్నేళ్ళు నడిపించింది మాత్రం వెటకారమే. తోటి టీచర్లను వెక్కిరించడంలో నన్ను మించినవాడు మా మండలంలో లేడని నాకు ఒక నమ్మకం. వాళ్ళు కూడా అవకాశం బాగానే ఇచ్చేవాళ్ళు. ఒకసారి ఇంటి వస్తువులతో రసాయన శాస్త్రం చెప్పడం ఎలాగో నేర్పిస్తామని మమ్మల్ని పిలిపించారు. నేర్పే పెద్దమనిషి పసుపునీళ్ళలో సున్నం కలిపి, "చూశారా, ఎర్రగా మారింది!" అన్నాడు. అక్కడ కూర్చున్న ఆడటీచర్లు పెళ్ళిళ్ళలోనూ పురుళ్ళలోనూ దిష్టినీళ్ళు కలిపి కలిపి చేతులు పండినవాళ్ళు. అయినా అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో ఆ చప్పట్లను ఫోటో తీసి పైకి పంపారు. ఇప్పుడు ఫోటో పంపితే ప్రయోగం జరిగినట్టే లెక్క.

మా హెడ్మాస్టరుకు కూడా ఆ ఫోటోల పిచ్చి ఉంది. "ఏమప్పా, పిల్లోళ్ళ మొగాలు కనపడేటట్టు నిలబెట్టు. గిన్నెలో ఏముండాదో కనపడకున్నా ఏం కాదు" అనేవాడు. నేను స్టాఫ్‌రూములో అందరూ వినేటట్టు ఒక మాట చెప్పేవాణ్ణి: జవాబు ముందే తెలిసిన దాన్ని ప్రయోగం అనరు, గారడీ అంటారు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తులేదు. చివరికి ఒక సోమవారం నా గొప్ప చూపించే పనికి పూనుకున్నాను.

పని చాలా తేలిక. గాయాలకు పూసే అయోడిన్ మందును కాసిని నీళ్ళలో కలిపి గంజిలో ఒక చుక్క వేస్తే గంజి నీలం తిరుగుతుంది. పాలలో నీళ్ళు పోసేవాళ్ళు, పలుచదనం కనపడకుండా గంజో పిండో కలుపుతారు. అలాంటి పాలలో ఈ చుక్క పడితే గుట్టు బయటపడుతుంది. ఎనిమిదో తరగతి పిల్లలను ఎవరింటి పాలు వాళ్ళను కొంచెం తెమ్మన్నాను. మా ఇంటినుంచి అయిదు గాజుగ్లాసులు తెచ్చి బల్లమీద వరసగా పెట్టాను. ఒకరు ప్యాకెట్ పాలు తెచ్చారు, ఒకరు మేకపాలు, ఇద్దరు వాళ్ళ ఇళ్ళలో పిండుకున్న పాలు. అయిదోది పాలామె కూతురు తెచ్చిన పాలు.

పాలామె అంటే ఆ ఊళ్ళో ఒంటి బర్రెతో సంసారం ఈదుతున్న మనిషి. భర్త మంచంలో ఉన్నాడు. రెండు పూటలా పాలు పిండి టీ హోటలుకూ, నాలుగైదు ఇళ్ళకూ, మా స్టాఫ్‌రూము టీకీ పోసేది. మధ్యాహ్నం మా బడిలో పిల్లలకు అన్నం వార్చిన గంజిని బిందెలో పోసుకొని పోయి బర్రెకు కుడితిలో కలిపేది. ఎన్నో ఏళ్ళుగా సాగుతున్నదే, ఎవరూ దాన్ని గురించి ఒక్కమాట అనుకోలేదు. కూతురు తక్కువ మాట్లాడే పిల్ల. మాట్లాడితే మాత్రం చుట్టూ తిప్పకుండా చెప్పేది.

ఆ పిల్ల పాలు పోయబోతూ గ్లాసు జారవిడిచింది. పగలలేదు గానీ, లోపలంతా ఇసుక అంటింది. మా బడి కొళాయిలో నీళ్ళు పొద్దున ఒక గంట వస్తాయి, ఆ గంట ఎప్పుడో అయిపోయింది. నాకు తొందర. హెడ్మాస్టరు ఫోను పట్టుకొని గుమ్మంలో నిలబడ్డాడు. "పో పాపా, యాదో ఒక నీళ్ళల్లో జాడించుకోనిరా, జల్దీ" అన్నాను. ఆ పిల్ల వంటగది వైపు పరుగెత్తింది, కడిగిన గ్లాసుతో పరుగెత్తుకుంటూ వచ్చింది.

చుక్కలు వేసుకుంటూ పోయాను. మొదటి నాలుగు గ్లాసుల్లో పాలు లేత పసుపు రంగుకు తిరిగాయి. అయిదోది నీలం తిరిగింది.

తరగతి ఒక్కసారిగా గొల్లుమంది. "గంజి! గంజి!" అని వెనక బెంచీ వాళ్ళు అరిచారు. "వాళ్ళమ్మ దినామూ బడి గంజి మోసకపోతాది గదా సార్! ఇందుకేనా?" అని ఒకడు లేచి మరీ అడిగాడు.

ఆ క్షణంలో నాకు కలిగింది జాలి కాదు, సంతోషం. సిగ్గులేకుండా చెబుతున్నాను, అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా కలగలేదు. జవాబు ముందుగా తెలియని ప్రశ్న అడిగాను, జవాబు వచ్చింది. ఆ పిల్ల బల్ల దగ్గరే నిలబడి, "మేము ఏమీ కలపల్యా సార్" అంది. "నేను అనలేదు పాపా, అయోడిన్ అంటాంది. సైన్సుకు అబద్ధం తెలీదు" అన్నాను. ఎంత బాగా చెప్పానో అనుకున్నాను కూడా. హెడ్మాస్టరు ఫోటో తీసుకున్నాడు.

మర్నాటి పొద్దుటికే టీ హోటలు అతను పాలు వద్దన్నాడు. సాయంత్రానికి ఇళ్ళవాళ్ళు కూడా గిన్నెలు బయట పెట్టడం మానేశారు. సంవత్సరాల తరబడి కళ్ళెదుటే పోతున్న గంజిబిందె ఇప్పుడు ఊరందరికీ సాక్ష్యమైపోయింది. ఆమె పాలలో గంజి కలుపుతుంటే చూసినట్టే చెప్పుకున్నారు. మా స్టాఫ్‌రూములోకి కూడా ప్యాకెట్ పాలు వచ్చాయి. "ఏమప్పా, ఇన్ని దినాలూ మనం గంజి టీ తాగినామా?" అని హెడ్మాస్టరు నవ్వాడు. నేనూ నవ్వాను. శుక్రవారం కర్నూల్లో జిల్లా సైన్సు ఫెయిర్ ఉంది, నా ప్రయోగాన్ని బడి తరఫున పంపుతున్నాం అని ఆయన అప్పుడే చెప్పాడు.

బుధవారం మధ్యాహ్నం ఆ ఫెయిర్ కోసం మళ్ళీ ఒకసారి చేసి చూసుకుందామని గ్లాసులు పట్టుకొని వంటగదికి పోయాను. అక్కడున్న బకెట్లో ముంచబోతుంటే వంటామె కేకేసింది. "ఆ బకెట్లో ముంచొద్దు సార్! అన్నం వార్చే సిబ్బిని దాంట్లోనే కడుగుతాండా. నీళ్ళు ల్యాక దినామూ అదే బకెట్టు" అంది.

సోమవారం ఆ పిల్ల గ్లాసు జాడించింది ఎక్కడ అని అడిగాను. "ఈడనే సార్, ఇంగ యాడుండాయి నీళ్ళు?" అంది.

ఆ బకెట్టు నీళ్ళు కొన్ని గ్లాసులోకి ముంచి చుక్క వేశాను. నీలం. వంటామె తన టీ కోసం పాలామె దగ్గరే పాలు పోయించుకునేది, ఆమె ఒక్కతే ఇంకా మానలేదు. ఆ పాలు తీసుకొని, తాగే నీళ్ళతో గ్లాసు బాగా కడిగి, అందులో పోసి చుక్క వేశాను. లేత పసుపు. రెండుసార్లు చేశాను, రెండుసార్లూ అంతే. పాలలో ఏమీ లేదు. ఉన్నదల్లా గ్లాసులోనే ఉంది. ప్రయోగానికి ముందు ఖాళీ గ్లాసును పరీక్షించుకోవాలని ఆరో తరగతి పిల్లవాడికి కూడా చెబుతాం. అగ్నిపర్వతాల వాళ్ళను చూసి అన్నేళ్ళు పకపకా నవ్విన నాకు ఆ పాటి తెలివి లేకపోయింది. గురివింద గింజ తన నలుపెరగదంటారు, నేను పదేళ్ళ పాటు పక్కవాళ్ళ నలుపు లెక్కపెట్టిన గురివిందను.

నిజం చెప్పాలంటే, ఆ నిమిషంలో నాకు మొదట ఆ పిల్ల గుర్తు రాలేదు. శుక్రవారం గుర్తొచ్చింది. ఇప్పుడు నోరు విప్పితే ఫెయిర్‌కు పోవడం ఉండదు, స్టాఫ్‌రూములో నామీద నవ్వు మాత్రం రిటైరయ్యేదాకా ఉంటుంది. రెండు రోజులే కదా, శుక్రవారం దాటాక నిమ్మళంగా చెప్పొచ్చు అనుకున్నాను. వంటామెకు కూడా ఏమీ చెప్పలేదు. గురువారం పాలామె గంజికి రాలేదు. వంటామె బిందెడు గంజిని కాలవలో పారబోస్తుంటే కిటికీలోంచి చూశాను, చూసి పాఠం కొనసాగించాను.

ఫెయిర్‌లో నా బల్లకు అటొక అగ్నిపర్వతం, ఇటొక అగ్నిపర్వతం. న్యాయనిర్ణేతల్లో ఒక ముసలాయన నా ప్రయోగమంతా ఓపిగ్గా చూసి, "బాగుందయ్యా. వట్టి గ్లాసులో కూడా చుక్కవేసి చూసుకున్నారా?" అని అడిగాడు. "చూసుకున్నాం సార్" అన్నాను. సైన్సుకు అబద్ధం తెలియకపోవచ్చు, సైన్సు టీచరుకు నాలుక చివరే ఉంటుంది. నాకు ద్వితీయ బహుమతి ఇచ్చారు. ప్రథమ బహుమతి లోపల ఎర్రబల్బు పెట్టిన అగ్నిపర్వతానికి పోయింది.

శనివారం బడి విడిచాక పాలామె ఇంటికి పోయాను. బర్రె వాకిట్లోనే ఉంది. ఆమె దాని ముందు ఎండుగడ్డి వేస్తోంది. నన్ను చూసి చేతులు తుడుచుకొని, స్టూలు తెచ్చి వేసింది. నేను కూర్చోలేదు. బకెట్టు సంగతీ, గ్లాసు సంగతీ, వంటగదిలో చేసి చూసిన సంగతీ చెప్పాను. అరుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"ఎప్పుడు తెలిసింది సార్ నీకు?" అని అడిగింది.

"బుధవారం."

"ఈ పొద్దు శనివారం గదా" అంది. కాసేపు గడ్డి సర్దింది. "ఊరోళ్ళు అన్నిందానికి నాకేం బాధ లేదు సార్. ఊరు నాలుగు దినాలు అంటాది, అయిదో దినం ఇంగొకరిని అంటాది. మా పాప ఆపొద్దు ఇంటికొచ్చి, అమ్మా, నువ్వు కలిపినావా అని అడిగింది. లేదమ్మా అన్న్యా. మల్లా అడిగింది. నేను కడుపున కన్న పిల్ల, రెండుసార్లు అడిగింది సార్."

నేను బర్రె వైపు తిరిగాను.

"పాలు కొనేవాళ్ళు ల్యాక మంగళవారం సంతకు తోలకపోదామని అనుకుంటాండాం. ఇంగ దీనికి మేత యాడినుంచి తేవాల?" అంది. నేను తప్పయిందమ్మా అన్నాను. తల ఊపింది. "ఈడొచ్చి నాకు చెప్తే ఏం లాభం సార్? నేను కలపల్యాదని నాకు తెలుసు గదా. యాడ అన్నావో ఆడ చెప్పు." సోమవారం ప్రార్థనలో చెబుతానని మాట ఇచ్చి వచ్చాను.

సోమవారం ప్రార్థన అయ్యాక మైకు తీసుకున్నాను. ఆదివారమంతా ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను, నాలుగుసార్లు దిద్దుకున్నాను. దిద్దిన కొద్దీ అందులోంచి నేను జారిపోతూ వచ్చాను. చివరికి చదివింది ఇది: "గత సోమవారం నిర్వహించిన పాల పరీక్షలో పాత్ర శుభ్రతా లోపం కారణంగా ప్రయోగ దోషం సంభవించినట్లు గుర్తించడమైనది. కావున సదరు ఫలితమును పరిగణనలోకి తీసుకోరాదు." పంచాయతీ నోటీసు కూడా ఇంతకంటే మనిషి మాటలా ఉంటుంది. పిల్లలు నోళ్ళు తెరుచుకొని చూశారు. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కాకూడదనే అలా రాసుకున్నానని అప్పుడు తెలిసింది నాకు. హెడ్మాస్టరు "బాగుంది, బాగుంది" అని తల ఊపి, ఇక తరగతులకు పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

ఎనిమిదో తరగతి వరసలోంచి పాలామె కూతురు బయటికొచ్చింది. నడుచుకుంటూ వచ్చి నా ముందు నిలబడింది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు లేవు, కోపం కూడా లేదు. తరగతిలో అర్థంకాని లెక్క మళ్ళీ చెప్పమన్నట్టే అడిగింది.

"సార్, మా పాలు మంచివే అని చెప్పండి సార్."

మైకు నా చేతిలోనే ఉంది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. "వీళ్ళ పాలు మంచివే. ఏమీ కలపలేదు. తప్పు నాది. గ్లాసు కడిగిన నీళ్ళల్లోనే గంజి ఉండింది, నేను చూసుకోలేదు. బుధవారమే తెలిసింది, ఫెయిర్‌కు పోవాలని దాచిపెట్టినాను" అన్నాను. హెడ్మాస్టరు నా వైపు చూశాడు. పిల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నామీదే నవ్వారు.

అయిపోయిందనుకొని మైకు కింద పెట్టబోయాను. ఆ పిల్ల అక్కడినుంచి కదలలేదు.

"మా అమ్మ గేటు అవతల నిలబడుకోనుండాది సార్. టీ హోటలాయన్ని కూడా పిల్చకొచ్చింది. ఆడికి ఇనపడల్యా. ఇంగోసారి గట్టిగా చెప్పండి" అంది.

గేటు వైపు తిరిగి, గొంతు పెంచి, ఇంకోసారి చెప్పాను.