సూదత్త ఒక నిజం చెప్పింది

మా వదినకి అబద్ధమాడటం చేతకాదని మా అన్నయ్య పెళ్లయిన కొత్తలో అందరికీ చెప్పుకునేవాడు. పాపం, ఆవిడని వార్డులో చూడలేదు. నేను రోజూ చూస్తాను. తలసీమియా పిల్లలకి ఒంట్లో ఎర్రకణాలు నిలవవు కదా, వాళ్లకి మూడేసి వారాలకోసారి రక్తం ఎక్కించే వార్డు మాది. లోపల ఆవిడ నర్సు, తలుపు దగ్గర టోకెన్లిచ్చేది నేను. పిల్లలు ఆవిడకి పెట్టిన పేరు సూదత్త.

సూది గుచ్చేటప్పుడు ఏడుపు మరిపించడానికి ఆవిడకో పద్ధతుంది. రక్తం సంచీ స్టాండుకి తగిలించి, అది ఎవరిదో చెబుతుంది. ఇచ్చినవాళ్ల పేరు సంచీ మీద ఉండదు, ఆవిడకీ తెలియదు. అయినా తడుముకోదు. ఈతగాడిదంటుంది, గారడీవాడిదంటుంది. ఒకసారి బస్సు డ్రైవరుదని చెబితే ఆ బుడ్డోడు సాయంత్రం దాకా హారన్ కొట్టాడు. పక్క మంచం వాడు తనకి కండక్టరు రక్తమే కావాలని పేచీ. తలనొప్పి మాత్రం నాకు మిగిలింది.

వార్డంతా పిడుగు అని పిలిచే ఎనిమిదేళ్ల పిల్ల ఒకతి ఉంది. ఏళ్ల తరబడి ఎక్కించుకుని ఎక్కించుకుని, దాని ఒళ్లు పరాయి రక్తాన్ని తిప్పికొట్టడం నేర్చింది, సరిపడేది కుదరడమే గగనమైపోయింది. ఈసారి ఎక్కడెక్కడికో ఫోన్లు చేస్తే ఒక్క సంచీ దొరికింది. పిల్ల అప్పటికే పాలిపోయి, నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతోంది.

సరిగ్గా ఆ రోజే మా వదిన నోరు జారింది. "ఇది లెక్కల మాస్టారిదే" అంది.

పిడుగు చెయ్యి లాక్కుని దుప్పట్లో దాచేసింది. "నాకొద్దు. లెక్కలు లోపలికెళ్తే ఇంక బయటికి రావు."

"కాదులే, మిఠాయి కొట్టాయనది" అంది వదిన.

"ఇందాక మాస్టారన్నావుగా."

"మాస్టారే. సాయంత్రాలు మిఠాయి కొట్లో కూర్చుంటాడు."

"అయితే కూడికలు ఇంకా ఎక్కువ చేస్తాడు."

నాకు నవ్వాగలేదు. పక్కనే ఉన్న పిడుగు వాళ్ల నాన్న మొహం చూశాక దానంతటదే ఆగింది. ఫ్రిజ్‌లోంచి తీసిన సంచీ అరగంటలో మొదలుపెట్టకపోతే పారెయ్యాల్సిందే. ఇంకోటి ఎప్పుడు దొరుకుతుందో చెప్పేవాళ్లు లేరు.

"గట్టిగా పట్టుకోనా అమ్మా?" అన్నాడాయన.

వదిన వద్దంది. ఆ చేతిలో దొరికేది ఒకే ఒక్క నరం, గింజుకుంటే అదీ పోతుంది. ఆవిడ మంచం అంచున కూర్చుంది.

"నిజం చెప్పనా? ఇది ఎవరిదో నాకు తెలీదే. ఎవరో వచ్చారు, పడుకున్నారు, ఇచ్చారు, వెళ్లిపోయారు."

"వాళ్లకి నేను తెలుసా?"

"తెలీదు."

"మరి మీరేమిచ్చారు వాళ్లకి?"

"బిస్కెట్ పాకెట్టు."

పిడుగు సంచీ వంక చూసింది. "అంతేనా?" అంది. ఆస్పత్రి పిసినారితనమంతా నాదే అయినట్టు నాకు సిగ్గేసింది.

దుప్పట్లోంచి చెయ్యి బయటికొచ్చింది. వదినకి మొదటి పోటుకే నరం అందింది.

అంతలో పక్క మంచం బుడ్డోడు, "అత్తా, నాదెవరిది?" అన్నాడు. వదిన నోరు తెరిచేలోపే పిడుగు అందుకుంది.

"ఎవరో. నువ్వెవరో కూడా వాళ్లకి తెలీదంట. ఊరికే ఇచ్చేశారంట."

వాడు తల పైకెత్తి, సంచీతో చాలా మర్యాదగా, "థాంక్సండీ" అన్నాడు.