కుక్క తాగిన అంబలి

నా చిన్నప్పుడు మా ఇంట్లో పొద్దున్నే ఉండేది ఒక్కటే, చోడి అంబలి. రాగులను మా కొండల్లో చోళ్ళు అంటాం. మా మామ్మ, అంటే నాన్నను కన్నతల్లి, ముందురోజు సాయంత్రమే కుండలో అంబలి కాచి ఉంచేది. తెల్లారేసరికి అది కాస్త పులిసేది. ఉప్పు వేసుకుని, ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగి పెద్దవాళ్ళు కొండమీద పొలానికి వెళ్ళిపోయేవారు.

నేను రెండేళ్ళు హాస్టలు బడిలో చదివాను. నా చదువంతా అంతే. అక్కడ రోజూ తెల్లన్నం పెట్టేవారు. వేసవి సెలవులకు ఇంటికి వచ్చేసరికి నా నాలుక జమీందారైపోయింది. అడ్డాకుతో కుట్టిన డొప్పలో పోసిచ్చిన అంబలి పట్టుకుని పెరట్లోకి వెళ్ళేదాన్ని. అక్కడ మా నల్లకుక్క ఎదురుచూస్తూ ఉండేది. ఖాళీ డొప్ప తెచ్చి మామ్మకు చూపించేదాన్ని. రాత్రి వండే సామ అన్నం కూడా నాలుగు మెతుకులు కెలికి లేచిపోయేదాన్ని. వరి అన్నం మా ఇంట్లో పండక్కే.

మామ్మ ఏమీ అనలేదు. నేలమీద పడిన గింజను కూడా ఏరుకునే మనిషి ఊరుకుందంటే అనుమానించాల్సింది. నాకంత తెలివి లేదు.

ఆ సెలవుల్లో నా మనసంతా ముంచింగిపుట్టు సంత మీదే ఉండేది. ఒక కొండ ఎక్కి దిగాలి, సగంపూట నడక. సంతకు వెళ్ళే మనిషి ఖాళీ తలతో వెళ్ళకూడదని మా వాళ్ళ పద్ధతి. పిల్లలైనా సరే, తమకు తగిన మూట మోస్తేనే వెంట తీసుకెళ్ళేవారు. విస్తళ్ళకోసం సంతలో అమ్మే అడ్డాకుల మూట నేను మోస్తానని, నాకు ఎర్రగాజులు కొనాలని నెలముందే మామ్మ దగ్గర మాట తీసుకున్నాను.

ఆ రోజు రానే వచ్చింది. జడ వేసుకుని గుమ్మంలోకి వస్తే, మామ్మ నా మూటను కుక్క వీపుమీద తాడుతో కడుతోంది.

"అది నా మూట మామ్మా!"

"నీదేటే గుంటా? అంబలి ఎవులు తాగితే మూట ఆలే మొయ్యాల."

సంతకు మాతో రావలసిన పక్కింటి అక్క అప్పటికే కొంగు నోట్లో కుక్కుకుంటోంది. "మరి ఎర్రగాజులు దీని ఏ కాలికేత్తావు మామ్మా?" అంది.

"నాలుక్కాళ్ళకీ," అంది మామ్మ నవ్వకుండా.

నేను ఏడుస్తూ మూట లాక్కుని నెత్తిన పెట్టుకున్నాను. మామ్మ అడ్డు చెప్పలేదు. "సరే, సింతసెట్టు దాటు. దాటితే నిన్నే అట్టుకెల్తాను," అంది.

చింతచెట్టు ఊరి చివర, కొండ ఎక్కుడు మొదలయ్యే చోట ఉంది. నేను దాని దాకా కూడా పోలేదు. కాళ్ళు వణికాయి, కళ్ళు తిరిగాయి, దారిలోనే కూలబడ్డాను. మామ్మ దారికని నింపుకున్న ఎండు ఆనపబుర్రలోంచి రెండు గుక్కల అంబలి పట్టించి, మా అమ్మను పిలిచి అప్పగించింది. నా మూటను తన గంపమీద పెట్టుకుని గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. కుక్క తోక ఊపుకుంటూ వెంట పోయింది. ఆ వారం సంతను కుక్క చూసింది, నేను చూడలేదు.

సాయంత్రం మామ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. అంబలి నీకు ఇష్టం కాబట్టి తాగుతావు, నాకు ఇష్టం లేదు, నేనేం చెయ్యను అన్నాను. ఆమె నావైపు వింతగా చూసింది.

"నాకిట్టమని ఎవులు సెప్పినారే? నాకూ ఏడేడి వరన్నం, ఎండుసేప అంటేనే పేణం. నోటికి నచ్చింది పండక్కి తింటాం. కాళ్ళకి కావల్సింది రోజూ తాగాల."

నేను నమ్మలేకపోయాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆమె రోజూ అంబలి తాగడమే చూశాను. ఒక్కపూట కూడా మొహం చిట్లించగా చూడలేదు.

మర్నాటి నుంచి డొప్ప ఆమె ముందే ఖాళీ చేశాను. మూడు సంతలు పోనిచ్చి, నాలుగో సంతకు మూట నా నెత్తిన పెట్టింది. చింతచెట్టు దాటాను. కొండ కూడా దాటాను. ఎర్రగాజులు కొంది. అవి పొలంలో పనికి నెలైనా నిలవలేదు.

మొన్న నా మనవరాలు చిప్స్ పొట్లం పట్టుకుని కూర్చుని, "ఇది నీకు బాగుంటాదేటి మామ్మా?" అని నా అంబలి గ్లాసులోకి తొంగిచూసింది. బాగోదే అన్నాను. పిల్లలకు తిండి విషయంలో నేను అబద్ధం చెప్పను. అది పకపకా నవ్వి, గ్లాసు తీసుకుని సగం తాగి, మొహం ముడుచుకుని ఇచ్చేసింది.

మిగిలిన సగం కుక్కకు పొయ్యలేదు. నేనే తాగాను. ఇన్నేళ్ళయినా మొదటి గుక్కకు నాలుక వద్దనే అంటుంది. అననిస్తాను. రెండో గుక్క కాళ్ళకోసం.