శాంపిల్ పన్ను

నాకు అనుమానం ఎక్కువ. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనపడుతుందని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. ఆ జబ్బు నాకు మదనపల్లెలో అంటింది. తొంభైలలో దంతవైద్యం చదివి వచ్చి, అక్కడొక పెద్ద డాక్టరు దగ్గర చేరాను. ఆయన పీకిన పన్నును కడిగి, పేషెంటు అరచేతిలో పెట్టి, పుచ్చు ఎక్కడుందో చూపించి గానీ పంపేవాడు కాదు. "నోట్లో మనమేం చేస్తాండామో వాళ్లకు కనపడదప్పా. కనపడని చోట పని చేసేవాణ్ని జనం అనుమానించాల్సిందే" అనేవాడు.

తర్వాత పుంగనూరులో సొంతంగా ఆస్పత్రి పెట్టుకున్నాను. రెండువేల సంవత్సరం దాటాక కాలం మారింది. పన్ను పీకకుండా నరం తీసి పైన క్యాపు పెట్టే వైద్యం మా ఊళ్లకూ వచ్చింది. మంచి వైద్యమే, నేనూ చేశాను. కానీ అరచేతిలో పెట్టి చూపించడానికి ఏమీ మిగలని వైద్యం అది. చూపించేదల్లా బొటనవేలంత ఎక్స్‌రే ఫిల్ము. దాన్ని డాక్టరు ఎలా చదివితే అదే నిజం. "నిజంగా పుచ్చిందా, లేకుంటే క్యాపు కోసరం చెప్తాండావా సార్?" అని చౌడేపల్లె రైతులు నన్నే అడిగేవారు. కోపం వచ్చేది గానీ, అడగడం వాళ్ల తప్పు కాదు.

ఆ రోజుల్లోనే కుప్పంలో ఒక బట్టల వ్యాపారి పళ్ల ఆస్పత్రి తెరిచాడు. కొత్త కుర్చీ, ఏసీ, గోడకు ఫిల్ములు చూసే లైటు పెట్టె. బెంగళూరు నుంచి వారానికోసారి ఒక డాక్టరు వచ్చి చూసేవాడు. ఆయన రాలేని ఒక వారం నన్ను రమ్మని కబురు పెట్టారు. పలమనేరు మీదుగా బస్సులో వెళ్తున్నంతసేపూ, ఇంకెవరూ దొరకనట్టు నన్నే ఎందుకు పిలిచారా అని ఆలోచిస్తూనే ఉన్నాను.

మొదట కుర్చీలో కూర్చున్నామె గుడుపల్లె వైపు రైతు కుటుంబం మనిషి. చల్లనీళ్లు తాగితే కింద కుడివైపు జివ్వుమంటోందట. పోయినవారం బెంగళూరు డాక్టరు చూసి, రెండు పళ్లకు నరం తీసి క్యాపులు పెట్టాలన్నాడట. ఆ పనే నేను చేయాల్సింది. లైటు పెట్టె మీద ఫిల్ము సిద్ధంగా ఉంది. అందులో ఒక పన్ను సగం దాకా నల్లగా పుచ్చిపోయి ఉంది. దాని పక్క పన్నులో తెల్లటి ముక్క మెరుస్తోంది. అంటే ఎప్పుడో సిమెంటు పెట్టి పూడ్చిన పన్ను. ఆమె నోరంతా వెతికాను. ఏ పన్నుకూ సిమెంటు లేదు.

"ఎప్పుడైనా పన్నుకు సిమెంటు పెట్టించుకున్నావామ్మా?"

"లేదు సార్. డాక్టరు ముందర నోరు తెరిచేదే ఇది రెండోసారి."

"అయితే ఈ ఫోటో నీది కాదు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "బెంగళూరు డాక్టరు నీదేనని సూపించినాడు గదా. మీకు పుంగనూర్లో ఆస్పత్రి ఉండాదంట. ఆడికి రమ్మనేదానికి ఇట్ల చెప్తాండారా?"

నన్ను మించిన అనుమానపు మనిషి దొరికింది. ఒళ్లు మండింది గానీ, ఆమె చోట ఉంటే నేనూ అదే అడిగేవాణ్ని. మాటలతో లాభం లేదని కొత్తగా ఇంకో ఫిల్ము తీశాను. దాన్ని కడిగే చీకటి పెట్టె దగ్గరికి ఆమెనూ తీసుకెళ్లి పక్కనే నిలబెట్టుకున్నాను. తడి ఆరకముందే రెండింటినీ లైటు మీద పక్కపక్కన పెట్టాను. ఆమె పళ్లు రెండూ గట్టివి. పుచ్చు లేదు. ఉప్పు, బొగ్గు వేసి రుద్దీ రుద్దీ చిగుళ్ల దగ్గర అరగదీసుకుంది, అంతే. ఆ ఫిల్మును నమ్మి ఉంటే ఈపాటికి ఆ గట్టి పళ్లకు నేనే బెజ్జాలు పెట్టి ఉండేవాణ్ని. నిజంగా భయం వేసింది.

వ్యాపారిని లోపలికి పిలిచి, ఆ పాత ఫిల్ము ఎవరిదని అడిగాను. ఆయన తొణకలేదు.

"ఎవరిదో సార్. మా డాక్టరు బెంగళూరు నుంచి తెచ్చి పెట్టుకోనుండాడు. పుచ్చంటే ఎట్లుంటాదో జనానికి తెలియల్ల గదా. అంగట్లో మేము శాంపిల్ గుడ్డ సూపించమా? అట్లనే."

అది అమాయకత్వమో ఆరితేరినతనమో ఈనాటికీ తేలలేదు. అమాయకత్వం కాదనే నా అనుమానం.

ఆమె మా మాటలు వినడం మానేసింది. లైటు పెట్టె మీదికి వంగి, పాత ఫిల్ములోని తెల్ల ముక్కనే చూస్తోంది.

"పోయిన నెల మా ఆయనతో వచ్చినప్పుడు గూడా దీన్నే సూపించినారు" అంది. "ఆయన పన్నేనన్నారు."

వ్యాపారి ఏదో పని గుర్తొచ్చినవాడిలా బయటికి వెళ్లిపోయాడు. బెంచీ మీద కూర్చున్న భర్తను ఆమె లోపలికి పిలిచింది. నోరు తెరవమన్నాను. కింద ఎడమవైపు ఒక దవడ పన్ను లేదు. చిగురు చక్కగా మానింది. పీకిన చేతికి పనితనం ఉంది. అది చూసి నాకు ఇంకా కోపం వచ్చింది.

"ఎందుకు పీకించుకున్నావప్పా?"

"నొప్పికి సార్." ఆమె ముఖం చూసి, ఆమెకూ పీకబోతున్నామని అనుకున్నట్టున్నాడు. "ఏం భయపడొద్దు, పీకేది తెలీనే తెలీదు" అని ధైర్యం చెప్పాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నాకు ఆ నొప్పి మాత్రం అట్లనే ఉండాది సార్. ఇంకో పన్ను గూడా పీకల్లేమో, రవ్వంత సూడండి."