అబద్ధం అత్తయ్య సినిమా తీయించింది

మా అత్తయ్య సినిమాలో అబద్ధం కనిపిస్తే ఊరుకునే రకం కాదు. హీరో ఒంటిచేత్తో పాతికమందిని తన్నినా, చచ్చిందనుకున్న తల్లి కొడుకు పాట వినగానే లేచి కూర్చున్నా ఆమెకేం అభ్యంతరం లేదు. కానీ పాతకాలం కథ అని చెప్పి, ఆ కాలంలో లేని గడియారాన్ని గోడకు తగిలించారో, వాళ్ళ పని అయిపోయిందన్నమాటే. చీకట్లోంచి "అబద్ధం!" అని కేక వినిపిస్తుంది.

పురావస్తుశాలలో పనిచేసి రిటైరైన మనిషి. జీవితమంతా ఏది ఏ కాలానిదో చీటీలు అంటించింది. ఆ చెయ్యి ఊరుకున్నా నోరు ఊరుకోలేదు. ఓసారి తెరమీద మహారాణి ప్రాణం విడుస్తోంది. హాలంతా ముక్కులు చీదుతోంది. "ఆ పరుపులో ఉన్నది దూది కాదు, స్పాంజీ! అబద్ధం!" అంది అత్తయ్య. ఏడుస్తున్నవాళ్ళు పొలమారేలా నవ్వారు. అప్పటినుంచి హాలు మేనేజరు ఆమెకు తలుపు పక్క సీటే ఇచ్చేవాడు, బయటికి పంపడం తేలికని. వీధిలో అందరికీ ఆమె అబద్ధం అత్తయ్య అయిపోయింది.

తను మాత్రం అబద్ధం ఆడి ఎరుగదు. పెళ్ళైన కొత్తలో మా ఆవిడ సరదాపడి పాట పాడింది. "ఎలా ఉందండీ?" అని అడిగింది, పాపం. "రెండో చరణం ముందు బాగుంది. అక్కడ నువ్వు ఊపిరి తీసుకున్నావు" అంది అత్తయ్య. మా ఆవిడ ఈనాటికీ ఆమె ముందు కూనిరాగం కూడా తియ్యదు.

అత్తయ్యకు ప్రాణస్నేహితురాలు కత్తెరక్క. జుట్టు కత్తిరించే దుకాణం నడుపుతుంది. నల్లగా, తాటిచెట్టంత పొడుగ్గా ఉంటుంది. పుట్టినప్పుడు ఇంట్లోవాళ్ళు కొడుకన్నారు. ఊహ తెలిసినప్పటినుంచీ తను మాత్రం కూతుర్నేనంది. ఆ మాటకు ఇంట్లోంచి గెంటేశారు.

ఆ రోజుల్లో ఈ వీధి చివర ఒక కాఫీ హోటలుండేది. కత్తెరక్కలాంటివాళ్ళకు, మగవాళ్ళను ప్రేమించే మగవాళ్ళకు, ఆడవాళ్ళను ప్రేమించే ఆడవాళ్ళకు అక్కడ కాఫీ ఇవ్వకూడదని యజమాని హుకుం. ఒకరోజు కత్తెరక్క వెళ్ళి కూర్చుంది. పోలీసులొచ్చి లెమ్మన్నారు. "కాఫీ తాగే వెళ్తాను" అంది. ఆమె పక్కన ఇంకొకరు కూర్చున్నారు, ఆ పక్కన మరొకరు. మర్నాటికి వీధంతా నిండిపోయింది. ఆ హుకుం అక్కడితో గంగలో కలిసింది. పురావస్తుశాలలో చేరకముందు ఆ హోటల్లో పనిచేస్తున్న పడుచుపిల్ల, ఆ కాఫీ కలిపి ఇచ్చి ఉద్యోగం పోగొట్టుకున్నది మా అత్తయ్యే.

ఇన్నాళ్ళకు ఆ కథను సినిమాగా తీస్తున్నారు. హాలు మేనేజరు డైరెక్టరుకు ఒక సలహా పారేశాడు. "ఆవిణ్ణి ముందే మీవైపు లాక్కోండి సార్. సలహాదారని పేరు పెట్టేస్తే విడుదలరోజు నోరెత్తదు." డైరెక్టరుకు నచ్చింది. కొరివితో తల గోక్కోవడమని ఆయనకప్పుడు తెలియదు.

అత్తయ్యను కారులో తీసుకెళ్ళడం నా పని. సెట్టు చూసి ఆమె మొహం వెలిగిపోయింది. నేల పలకలు, ఫ్యాన్లు, బల్లలు అన్నీ ఆనాటివే. "కప్పులు కూడా వెతికించి తెప్పించానమ్మా. చరిత్ర కదా, రాజీ పడను" అన్నాడు డైరెక్టరు. ఇంతలో పాలమీగడ రంగు కుర్రాడొకడు చంకలో పుస్తకాలతో వచ్చాడు.

"ఈ అబ్బాయెవరు?"

"హీరో అండీ. కత్తెరక్క పాత్ర. కాస్త మార్చి కాలేజీ కుర్రాణ్ణి చేశాం."

"అది నల్లగా ఉంటుంది."

"మేకప్పు వేస్తాం."

"అది ఆడది."

"నిజమేనండీ, కానీ జనం చూడాలిగా. భావం ముఖ్యం."

"కప్పుల దగ్గర భావం సరిపోలేదేం? కప్పుకున్నపాటి గౌరవం మనిషికి లేదా?"

డైరెక్టరు నవ్వి కుర్చీ వేయించాడు. అత్తయ్య కూర్చోలేదు. తిన్నగా కత్తెరక్క దుకాణానికి పోనిమ్మంది.

కత్తెరక్క ఎవరి తలో దువ్వుతూ అంతా విన్నది. "పోనీలేవే. ఎవరో ఒకరు కాఫీ తాగుతున్నారుగా" అంది. కాసేపటికి దువ్వెన ఆగిపోయింది. "నా పడుచుతనం ఫొటో ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ ఇంట్లోవాళ్ళు చింపేశారు. సినిమాలోనైనా ఓసారి చూసుకుందామనుకున్నానే." అత్తయ్య పళ్ళు కొరికింది.

మర్నాడు హీరో కప్పెత్తగానే "అబద్ధం!" అని కేక. కప్పులకు పిడులుండేవి కావట. పిడుల్లేని కప్పులు తెప్పించారు. ఈసారి నేల అబద్ధం. వంటింటివైపు వాలు ఉండేదట. తవ్వి వాలు పెట్టారు. తర్వాత తలుపు లోపలికి కాదు, బయటికి తెరుచుకునేదట. ఊడదీసి మళ్ళీ బిగించారు. "ఎంత జ్ఞాపకశక్తండీ!" అని డైరెక్టరు పొంగిపోయాడు. వడ్రంగి మాత్రం అత్తయ్య కనబడితే సుత్తి దాచేసుకునేవాడు. ఇలా ఒక్క ముక్కా తియ్యకుండానే హీరో ఇచ్చిన డేట్లు అయిపోయాయి. అతను ఇంకో సినిమాకు వెళ్ళిపోయాడు.

డైరెక్టరు తల పట్టుకున్నాడు. అత్తయ్య ఆయన పక్కన చేరి, "ఆ మూల కూర్చున్న పిల్లను చూశారా?" అంది మెల్లగా. ఆ పిల్లదీ కత్తెరక్క కథే. నల్లగా, పొడుగ్గా ఉంటుంది. గుంపులో వెనకనుంచి చూపించడానికి పిలిపించారు. రోజూ విని విని మాటలన్నీ నోటికొచ్చేశాయి. గతిలేక కెమెరా ముందు కూర్చోబెట్టారు. ఆమె చేతులు బల్లమీద పెట్టి, "కాఫీ తాగే వెళ్తాను" అంది. వడ్రంగి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ పిల్లను తీసుకోవాలని మొదటినుంచీ తన మనసులో ఉందని డైరెక్టరు ఆ సాయంత్రమే పత్రికలవాళ్ళకు చెప్పాడు.

కారులో అడిగాను. "అత్తయ్యా, ఆ కప్పులకు నిజంగా పిడులు లేవా?"

"ఉన్నాయో లేవో ఎవడికి గుర్తురా!"

"నేల వాలు?"

"నీ మొహం. తిన్నగానే ఉండేది."

నేను కారు పక్కకు తీసి ఆపేశాను. అత్తయ్య అబద్ధమాడిందంటే చెప్పినా ఎవరు నమ్ముతారు?

"ఏమిట్రా ఆ చూపు? వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. నాలుగాడి ఒక సినిమా చెయ్యకూడదా? పోనియ్."

విడుదలరోజు మేనేజరు ఎందుకైనా మంచిదని తలుపు పక్కనే నించున్నాడు. తెరమీద ఆ పిల్ల వచ్చి కూర్చుని ఆ మాట అనగానే కత్తెరక్క అత్తయ్య చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏమే, నేను నిజంగా అంత అందంగా ఉండేదాన్నా?"

అత్తయ్య తెరమీంచి చూపు తిప్పలేదు. "ఇంకా బాగుండేదానివి. ఈ పిల్ల ముక్కు కాస్త వంకర."

అందులో నిజమెంతో తేల్చడానికి లోకంలో ఒక్క ఫొటో లేదు. కత్తెరక్క పకపకా నవ్వింది. ముందు వరుసవాళ్ళు వెనక్కి తిరిగి, నోరు మూసుకుని సినిమా చూడమన్నారు.