నాకేం గాలేదన్న నర్సింలు సారు

మా వ్యాయామోపాధ్యాయులు నర్సింలు సారు సిద్దిపేట దవాఖానలో తుదిశ్వాస విడిచారని విన్నప్పుడు నాకు దుఃఖం కన్నా ముందు సిగ్గు కలిగింది. ఇద్దరం ఒకే ఆటోలోంచి పడ్డాం. ఇద్దరి తలలోనూ నెత్తురు గడ్డకట్టింది. ఇద్దరికీ ఒకే డాక్టరు శస్త్రచికిత్స చేశాడు. ఆయన వెళ్లిపోయారు. నేను బతికి ఆయన గురించి రాస్తున్నాను.

మా ఊరు కొండపాకలో ఆడపిల్లలకు కబడ్డీ నేర్పిన ధీరుడాయన. నేను నిక్కరు వేసుకుని ఆడడానికి మా బాపు మల్లేశం ససేమిరా అన్నాడు. సారు నేరుగా తాటివనానికి వచ్చి, కల్లు గీయను తాటిచెట్టెక్కిన బాపును కింది నుంచే అడిగారు.

"మల్లేశం, ధోతి ఎగ్గట్టకుంట తాడెక్కుతవా?"

"ఎట్లెక్కుత సారూ? కాళ్లకు సుట్టుకోదా?"

"మరి నీ బిడ్డ లంగ ఏస్కోని ఎట్లురుకుతది?"

బాపు చెట్టు మీదే పక్కున నవ్వాడు. మర్నాడు నేను మైదానంలో ఉన్నాను.

ఆయన మహా కోపిష్ఠి. ఓడినందుకు ఏమీ అనేవారు కాదు. ముఖం వేలాడేస్తే మాత్రం అగ్గిమీద గుగ్గిలమయ్యేవారు. "పట్టువడుడు తప్పుగాదు బిడ్డా, ఇడిపిచ్చుకోను సూడకుంట పండుడు తప్పు" అనేవారు.

సారు పదవీ విరమణ చేశాక కొన్నేళ్లకు ఆ కొలువు నాకు దక్కింది. డెబ్బయి దాటినా నా జట్టు వెంట పోటీలకు వచ్చేవారు. ఈసారి పిల్లలు ముందుగా బస్సులో వెళ్లారు. వెనుక ఆటోలో మేమిద్దరం సిద్దిపేటకు పోతుండగా బర్రె అడ్డొచ్చింది. దాన్ని తప్పించబోయి ఆటో పల్టీ కొట్టింది. నేను స్పృహ తప్పాను. ఆయన నుదుట బొప్పి కట్టింది. దవాఖానలో ఆయన తలకూ స్కానింగ్ తీస్తామంటే, "నాకేం గాలె. ముందుగాల బిడ్డను సూడున్రి" అని తప్పించుకున్నారట. ఆ సాయంత్రమే నాకు ఆపరేషన్ అయింది. కొద్ది వారాల్లోనే లేచి తిరిగాను.

ఇంటికి నన్ను చూడవచ్చినప్పుడు సారు ఎడమకాలు ఈడుస్తున్నారు. నన్ను "పద్మా" అని పిలిచారు. పద్మ ఆయన పాత శిష్యురాలు.

"సార్, దెబ్బ నా నెత్తికి తాకితే మీరు మర్సిపోతున్రేంది?" అని పరిహాసమాడాను. ఆయనా నవ్వారు. వయసు మీద పడిందని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

ఒక పొద్దున ఆయన సతీమణి అనసూయమ్మ ఎంత లేపినా సారు లేవలేదు. దవాఖానకు తీసుకెళ్తే ఆయన తలలోనూ నెత్తురు గడ్డకట్టిందని తేలింది. ఆపరేషన్ సవ్యంగానే జరిగింది. ఆయన మాత్రం కళ్లు తెరవలేదు.

"వయసోళ్ల మెదడు కొంచెం కుంచించుకపోతదమ్మా" అన్నాడు డాక్టరు. "లోపట జాగ ఉంటది గాబట్టి నెత్తురు మెల్లగ చేరినా తొందరగ బయటవడది. సారు గుండెకు నెత్తురు పలుచనయ్యే గోలీలు గూడ ఏస్కుంటున్నరు. నీ వయసుల తట్టుకున్నంత ఆ వయసుల తట్టుకోలేరు."

శాస్త్రం చెప్పిన ఆ కారణం నా మనసుకు ఊరటనివ్వలేదు. అటువంటి గురువు మా ఊరికి మళ్లీ దొరకడు.

దినాల నాడు బంధువులు "నీకిది మరుజన్మ" అంటుంటే తల దించుకుని నిలబడ్డాను. అనసూయమ్మ దగ్గరికి వచ్చింది. నా తలమీది చున్నీ జరిపి, కుట్ల మచ్చ చుట్టూ మొలుస్తున్న వెంట్రుకలను నిమిరింది.

"మంచిగ మానింది బిడ్డా. సారుంటే సంబురపడుదురు" అన్నది.

ఆ తల్లి చేయి నా తలమీద ఉన్నంతసేపూ కళ్లెత్తి ఆమె ముఖం చూడలేకపోయాను.